శుద్ధజలం వేరు, సురక్షితజలం వేరు

ఇటీవల ఒక సాయంకాలం మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు నాకు కబురు పంపారు. "డాక్టరుగారూ, ఒకసారి వచ్చి చూడండి. ఇన్నాళ్ళూ మేము తాగినది నీరు కాదట, విషమట" అన్నారు. వెళ్ళి చూస్తే వారి భోజనాల బల్ల మీద రెండు గాజుగ్లాసులున్నాయి. ఒకదానిలో కుళాయినీరు. రెండవదానిలో, నీటిని శుద్ధిచేసే యంత్రాలు అమ్మడానికి వచ్చిన ఒక యువకుడు వెంట తెచ్చిన నీరు. అతడు రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి విద్యుత్తును ప్రసరింపజేశాడు. రెండు మూడు నిమిషాలలో కుళాయినీరు తుప్పురంగుకు తిరిగి, పైన తెట్టు కట్టింది. రెండవ గ్లాసులోని నీరు మాత్రం తేటగానే ఉన్నది. ఆ ఇల్లాలి ముఖంలో భయం స్పష్టంగా కనిపించింది.

వంటింటి నుండి చిటికెడు ఉప్పు తెప్పించి రెండవ గ్లాసులో వేశాను. అది కరిగిన తరువాత కడ్డీలు మళ్ళీ ముంచమన్నాను. కొద్దిసేపటిలో ఆ నీరు కూడా తుప్పురంగుకు తిరిగింది.

ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. ఆ కడ్డీలలో ఒకటి ఇనుపది. నీటిలో లవణాలు కరిగి ఉంటే ఆ నీటిగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. అప్పుడు కడ్డీలోని ఇనుము కొద్దికొద్దిగా కరిగి, నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి తుప్పురంగు అవక్షేపంగా మారుతుంది. అంటే ఆ గ్లాసులో కనిపించిన మురికి కడ్డీనుండి వచ్చినదే. లవణాలు దాదాపు లేని నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు గనుక కడ్డీ కరగదు, నీరు తేటగా ఉంటుంది. ఆ పరీక్ష వలన తెలిసేది, ఒక గ్లాసులో లవణాలు ఉన్నాయనీ మరొకదానిలో లేవనీ మాత్రమే.

ఆ యువకుని నేను తప్పుపట్టను. అతనికి నేర్పిన పాఠం అది. కాని దశాబ్దాల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన గురువుగారు సైతం 'శుద్ధం' అనే మాట వినగానే ప్రశ్నించడం మానివేశారు. వారిని అనే అర్హత నాకు లేదు. నలభై సంవత్సరాల క్రితం, వైద్యపట్టా చేతపట్టుకొని, నేనూ ఆ మాట దగ్గరే పొరపాటు పడ్డాను. దాని మూల్యం నా రోగులు చెల్లించారు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

శుద్ధ పదార్థము, మిశ్రమము

మన పిల్లలు ఉన్నత పాఠశాలలో చదివే రసాయనశాస్త్రం ప్రకారం, ఏ భాగం తీసి చూసినా ఒకే సంఘటనం ఉన్నది శుద్ధ పదార్థం. అది బంగారంవంటి మూలకం కావచ్చు, పంచదారవంటి సంయోగ పదార్థం కావచ్చు. రెండు లేక అంతకు మించిన పదార్థాలు రసాయనికంగా సంయోగం చెందకుండా, తమ తమ గుణాలను నిలుపుకొంటూ కలిసి ఉంటే అది మిశ్రమం. మిశ్రమాన్ని వడపోత, స్వేదనం వంటి భౌతిక పద్ధతులతో విడదీయవచ్చు.

ఈ నిర్వచనం ప్రకారం మనం తాగే నీరు ఏదీ శుద్ధ పదార్థం కాదు. కృష్ణానది నీరు మిశ్రమమే, ఊరి బావి నీరు మిశ్రమమే, కొబ్బరినీరు మిశ్రమమే. ఆకాశంనుండి పడే వాన చినుకులో సైతం గాలిలోని వాయువులు కరిగి ఉంటాయి.

మిశ్రమాలలో మూడు విధాలున్నాయి. ఉప్పునీటి వలె పూర్తిగా కరిగిపోయినది ద్రావణం. పాలవలె, కంటికి ఒకటిగా కనబడుతూనే లోపల సూక్ష్మకణాలు తేలుతూ ఉండేది కొల్లాయిడ్. బురదనీటి వలె, కదపకుండా ఉంచితే అడుగుకు దిగేది అవలంబనం. ఈ మూడూ ఒకేచోట చూడాలంటే మన రక్తాన్ని చూడవచ్చు. అందులో లవణాలు, గ్లూకోజు ద్రావణంగా, మాంసకృత్తులు కొల్లాయిడ్‌గా, రక్తకణాలు అవలంబనంగా ఉంటాయి. రక్తనిధిలో ఒక దాత ఇచ్చిన రక్తాన్ని వేగంగా గిరగిర త్రిప్పి ఎర్రకణాలను, రసిని, సూక్ష్మఫలకాలను వేరుచేసి వేర్వేరు రోగులకు ఇస్తారు. కవ్వంతో వెన్న తీసే మన ఇంటి విద్యకు అది దూరపు చుట్టమే.

నూటికి నూరుపాళ్ళు శుద్ధమైన నీటిని నేరుగా సిరలోనికి ఎక్కిస్తే ఏమవుతుంది? ఎర్రకణాలు ఆ నీటిని పీల్చుకొని, ఉబ్బి, పగిలిపోతాయి. అది ప్రాణాపాయం. అందుకే మేము ఎక్కించే సెలైనులో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అతిసారంతో శోషించిన పసిబిడ్డలను బ్రతికించే ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రం ప్రకారం, లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. వెరసి 20.5 గ్రాములు. నీటి అమ్మకందార్లు చూపే మీటరును ఆ ద్రావణంలో ముంచితే, వారి లెక్క ప్రకారం అంతకు మించిన మురికినీరు లోకంలో లేదు. లక్షలాది బిడ్డలను కాపాడిన 'మురికి' అది.

కనుక మన శరీరానికి కావలసినది మిశ్రమమే. ఆ మిశ్రమంలో ఏమి ఉన్నది, ఎంత ఉన్నది, అందులో ఉండకూడనిదానిని ఏ పద్ధతితో తీయవచ్చు అనేవే అసలు ప్రశ్నలు.

నేను చేసిన పొరపాటు

1980 దశకం తొలినాళ్ళలో నేను నల్లగొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పనిచేశాను. మా పరిధిలోని ఒక గ్రామంలో రెండు నీటివనరులుండేవి. ఒకటి చెరువు. వానాకాలంలో దాని నీరు ఎర్రగా, మడ్డిగా ఉండేది. రెండవది చేతిపంపు. దానిని ఊరివారు బోరింగు అనేవారు. ఆ నీరు అద్దంవలె తేటగా ఉండేది. ఏటా వానలు పడగానే వాంతులు, విరేచనాలతో జనం ఆరోగ్యకేంద్రానికి వచ్చేవారు. నేను ప్రతివారికీ ఒకటే మాట చెప్పేవాడిని: "చెరువు నీరు మానండి. బోరింగు నీరు తాగండి. అదికూడా బాగా మరిగించి తాగండి."

విరేచనాలు తగ్గాయి. నా సలహా ఫలించిందని సంతోషించాను.

కొంతకాలానికి ఒక తల్లి ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకొని వచ్చింది. ఆ బాలుని మోకాళ్ళు ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయి. ఆమె అన్నమాటలు ఇప్పటికీ నా చెవులలో ఉన్నాయి: "మీరు చెప్పినట్టే చేస్తున్న సారూ. చెర్వునీళ్ళు బందుపెట్టిన. బోరింగునీళ్ళు తెచ్చి, వంట అయ్యేదాక పొయ్యిమీదనే కాగబెట్టి తాపుతున్న. అయినా పిలగాని కాళ్ళు గిట్లనే అయితున్నయి."

అది ఫ్లోరోసిస్. నల్లగొండ భూగర్భంలోని గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు నీటిలోనికి కరిగి వస్తుంది. లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చుననీ, వేరే గతి లేనిచోట 1.5 మిల్లీగ్రాములు దాటరాదనీ భారతీయ ప్రమాణం. ఆ ప్రాంతపు బావులలో కొన్నింట అంతకు ఎన్నోరెట్లు ఉండేది. బోరింగు నీరు తేటగా ఉండడానికీ అందులో విషం ఉండడానికీ పొత్తు కుదిరింది. ఎందుకంటే అది ద్రావణం. ద్రావణంలో కరిగినది కంటికి కనబడదు, అడుగుకు దిగదు, గుడ్డలో నిలువదు.

మరి మరిగిస్తే? ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీరు 4 లీటర్లు పొయ్యిమీద పెట్టామనుకోండి. అందులో మొత్తం ఫ్లోరైడు 12 మిల్లీగ్రాములు. ఒక లీటరు ఆవిరైపోయింది. ఆవిరిలో పోయినది నీరు మాత్రమే. మిగిలిన 3 లీటర్లలో ఆ 12 మిల్లీగ్రాములూ అలాగే ఉన్నాయి. అనగా లీటరుకు 4 మిల్లీగ్రాములు. మరిగించడం సూక్ష్మజీవులను చంపుతుంది, కాని కరిగిన లవణాన్ని చిక్కబరుస్తుంది. సముద్రపునీటినుండి ఉప్పు పండించేది ఈ సూత్రంతోనే. ఆ తల్లి కట్టెలు ఖర్చుచేసి, కళ్ళు పొగచూరగా, నా మాటమీద నమ్మకంతో చేసినది అదే.

జరిగినది తలక్రిందుల వైద్యం. చెరువు నీటిలో కానవచ్చే మాలిన్యం బురద, కానరానిది సూక్ష్మజీవులు. ఆ రెండింటినీ ఇంట్లోనే తొలగించవచ్చు: తేర్చి, వడకట్టి, మరిగిస్తే చాలు. బోరింగు నీటిలోని ఫ్లోరైడును ఈ మూడింటిలో ఏదీ తొలగించలేదు. విడదీయగలిగిన మాలిన్యమున్న నీటిని మాన్పించి, విడదీయలేని మాలిన్యమున్న నీటిని తాగించాను. కంటికి తేటగా ఉన్నదే శుద్ధమని నమ్మడం వలన జరిగిన పని ఇది.

ఈ వ్యాధి అప్పటికి కొత్తది కూడా కాదు. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించి వైద్యపత్రికలో ప్రచురించారు. ఇలా మోకాళ్ళు ఒరుసుకునే వైకల్యాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వ్రాశారు. నేను ఫ్లోరోసిస్ పాఠం చదివి పరీక్ష ఉత్తీర్ణుడనైనవాడినే. ఆ పాఠాన్ని ఆ పొయ్యిమీది కుండతో కలిపి చూడలేకపోయాను. వంగిన ఆ ఎముకలను తిన్నగా చేసే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ తల్లితో, "నేను చెప్పినది తప్పమ్మా, చెరువు నీరే తేర్చి, కాచి తాపు" అన్ననాడు ఆమె నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

మాలిన్యాన్నిబట్టి పద్ధతి

రోగాన్నిబట్టి మందు అయినట్లే, మాలిన్యాన్నిబట్టి విడదీసే పద్ధతి. ఒకదానికి పనికివచ్చినది మరొకదానికి పనికిరాదు.

మొదటిది, నీటిలో తేలే మట్టి, నలకలు. మన పెద్దలు చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్ది నీరు పోసేవారు. పటిక త్రిప్పేవారు. ఇవి సూక్ష్మమైన మట్టికణాలను ఒకదానితో ఒకటి అతికించి బరువెక్కిస్తాయి. అవి అడుగుకు దిగిన తరువాత పైతేటను వంచుకుంటారు. వడకట్టడాన్ని కూడా చిన్నచూపు చూడరాదు. బంగ్లాదేశ్ గ్రామాలలో పాత చీరను పలుమడతలుగా మడిచి నీరు వడకట్టుకున్న కుటుంబాలలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. కలరా క్రిమి చాలావరకు నీటిలోని చిన్నచిన్న జలచరాలను పట్టుకొని ఉంటుంది. ఆ జలచరాలు చీరమడతలలో చిక్కుకుంటాయి. అయితే వడకట్టిన నీరంతా క్రిమిరహితమని అర్థం కాదు.

రెండవది, సూక్ష్మజీవులు. వీటికి మరిగించడం ఉత్తమం. నీరు తెరలుతూ ఒక నిమిషం మరిగితే చాలు, గంటలకొద్దీ కాచనక్కరలేదు. క్లోరిను కలపడం మరొక మంచి మార్గం. మరిగించి చల్లార్చిన నీటిలో చేయి ముంచితే చేసిన శ్రమ వ్యర్థం.

మూడవది, కరిగి ఉన్నవి: ఫ్లోరైడు, నైట్రేటు, ఆర్సెనిక్, అధికమైన ఉప్పు. వీటిని గుడ్డ ఆపదు, మంట చంపదు. నైట్రేటు ఎక్కువగా ఉన్న బావినీటిని కాచి పాలపొడి కలిపి పసిబిడ్డకు పడితే, ఆ బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక శరీరం నీలివర్ణానికి తిరగవచ్చును. ఫ్లోరైడుకు నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, అనగా 'నీరి', 1970 దశకంలో ఒక పద్ధతి రూపొందించింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. నీటికి సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు తగుపాళ్ళలో చేర్చి కలియబెడితే ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు ముద్దలు ఫ్లోరైడును తమతో పట్టుకొని అడుగుకు దిగుతాయి. తరువాత వడపోస్తారు. దీనికి కావలసిన పటిక, నీటిని తేర్చడానికి వాడే దానికంటె చాలా ఎక్కువ. ఆ మోతాదు నీటిని పరీక్షించి నిర్ణయించవలసినదే గాని కంటిచూపుతో వేయతగినది కాదు. నేను పనిచేసిన జిల్లా పేరే పెట్టుకున్న పద్ధతి నాకు తెలియకపోవడం నా వృత్తిజీవితంలోని పెద్ద సిగ్గు.

ఆర్.ఓ. యంత్రం వద్దా?

ఈ మాట చాలామంది అడుగుతారు. ఆర్.ఓ. యంత్రం నీటిని ఒత్తిడితో అతిసూక్ష్మమైన పొరగుండా నెట్టి, కరిగిన లవణాలలో అధికభాగాన్ని ఇవతలే ఆపుతుంది. ఫ్లోరైడు బోరునీరు, ఉప్పునీరు తప్ప గతిలేనివారికి అది మేలైన సాధనమే. నేను దానికి వ్యతిరేకిని కాను. పరీక్ష లేకుండా చికిత్స చేయడానికి వ్యతిరేకిని.

యంత్రం అమ్మేవారు చూపే టి.డి.ఎస్. మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులభంగా ప్రవహిస్తున్నదో కొలిచి, దానినిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఆ లవణాలు మేలుచేసే కాల్షియం, మెగ్నీషియములా, కీడుచేసే ఫ్లోరైడా అన్నది దానికి తెలియదు. టైఫాయిడు క్రిమి దానికి కనబడదు. మీటరు 30 చూపే నీటిలో రోగక్రిములుండవచ్చు, 400 చూపే నీరు నిశ్చింతగా తాగదగినది కావచ్చు. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన లవణాలు ఆమోదయోగ్యమే. అంతకు తక్కువ ఉన్నచోట ఆర్.ఓ. వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఉపాధ్యాయులవారి కుళాయినీరు అదే యువకుని మీటరులో 260 చూపింది!

మరొక సంగతి. విడదీయడం అంటే మాయం చేయడం కాదు. ఇంటి ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు నీరు ఇవ్వడానికి సాధారణంగా రెండు మూడు లీటర్లు బయటికి వదలుతుంది. మన గ్లాసులో తగ్గిన ఫ్లోరైడు ఆ వదలిన నీటిలో చిక్కబడి ఉంటుంది. దానిని పెరటిలోకి వదలితే తిరిగి చేరేది ఆ నేలలోనికే. నల్లగొండ పద్ధతిలో అడుగున మిగిలే మడ్డికీ ఇదే చిక్కు. కాబట్టి వీలైనచోట మాలిన్యాన్ని విడదీయడంకంటె వనరునే మార్చడం మేలు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా తెలంగాణ గ్రామాలకు కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి పంపడం ఈ దృష్టితో చూస్తే సరియైన ప్రజావైద్యం.

అతిశుద్ధజలం తప్పనిసరి అయిన చోటు కూడా ఒకటి ఉన్నది. అది డయాలిసిస్. ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో 99 పాళ్ళకు పైగా తిరిగి రక్తంలోనికే చేర్చి, మిగిలిన లీటరున్నరను మూత్రంగా విసర్జిస్తాయి. అవి విఫలమైనపుడు ఆ పనిని యంత్రం చేస్తుంది. నాలుగు గంటల చికిత్సలో సుమారు 120 లీటర్ల ద్రవం, ఒక పలుచని పొరకు ఆవల, రోగి రక్తం పక్కగా ప్రవహిస్తుంది. పేగు చేసే కాపలా అక్కడ లేదు. 1970 దశకంలో పాశ్చాత్యదేశాలలో, పటికతో తేర్చిన నగరపు నీటిని నేరుగా డయాలిసిస్‌కు వాడినచోట, అందులోని అల్యూమినియం మెదడుకు చేరి రోగులు మతిచెడి మరణించారు. అందరూ కుళాయినుండి నిరపాయంగా తాగిన నీరే అది. ఎంత శుద్ధి కావాలో నిర్ణయించేది ప్రయోజనమేనని ఇంతకంటె బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

నా విన్నపం

మీ ఇంటికి వచ్చే నీరు ఎక్కడిదో ముందు తెలుసుకోండి. నదీజలం, లేక చెరువు నీరు శుద్ధిచేసి పంపుతున్నారా, లేక బోరునీరా? బోరునీరయితే యంత్రం కొనకముందు, ఒక సీసాలో పట్టి, జిల్లాలోని గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత, కరిగిన లవణాలు ఎంత, సూక్ష్మజీవులు ఉన్నాయా అని అడగండి. ఫలితం చూసిన తరువాతనే పద్ధతిని ఎంచుకోండి. పిల్లల పళ్ళమీద సుద్దవంటి తెల్లమచ్చలు, గోధుమచారలు కనబడితే వైద్యునికి చూపండి, నీటిని కూడా అనుమానించండి.

వైద్యసోదరులకు ఒక మాట. "మరిగించి తాగండి" అని చీటీమీద వ్రాసేముందు "మీరు తాగేది ఏ నీరు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేను నలభై ఏళ్ళ క్రితం అడగలేదు.